నాలుగు దేశాల బడికి ఇరవయ్యో ఏటి అభినందన

సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లవాడికి స్టీలూ కాంక్రీటూ కొట్టిన పిండి. దూలానికి లెక్క కట్టమంటే కడతాడు. ఇరవై అంతస్తుల భవనాన్ని కంప్యూటర్ తెరమీద నిలబెట్టి చూపిస్తాడు. అదే పిల్లవాణ్ణి ఎనిమిది వందల ఏళ్లనాటి రాతి మండపం ముందుకు తీసుకెళ్లి, ఈ స్తంభం ఇంకెంత బరువు మోస్తుంది, ఈ బీట నిన్నటిదా తాతలనాటిదా అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. తప్పు అతనిది కాదు, ఆ పాఠం అతనికెవరూ చెప్పలేదు. ఇంజనీరింగ్ చదువంతా ఇకముందు కట్టబోయే వాటి చుట్టూనే తిరుగుతుంది. వందల ఏళ్ల క్రితమే కట్టి మన చేతికిచ్చిన వాటికి సిలబస్‌లో చోటు దొరకడం అరుదు.

ఈ లోటు తమ దేశాల్లోనూ ఉందని గుర్తించి నాలుగు ఐరోపా విశ్వవిద్యాలయాలు 2007లో ఒకే కోర్సును కలిసి మొదలుపెట్టాయి. పోర్చుగల్‌లో గిమరాయిష్ పట్టణంలో ప్రాంగణం ఉన్న మిన్యో విశ్వవిద్యాలయం సమన్వయ బాధ్యత తీసుకుంది. స్పెయిన్ నుంచి బార్సిలోనాలోని కాటలోనియా సాంకేతిక విశ్వవిద్యాలయం, ఇటలీ నుంచి పాదువా విశ్వవిద్యాలయం, చెక్ దేశం నుంచి ప్రాగ్‌లోని చెక్ సాంకేతిక విశ్వవిద్యాలయం దానితో చేరాయి. చెక్ సైన్సెస్ అకాడమీకి చెందిన మెకానిక్స్ పరిశోధన సంస్థ కూడా తోడు నిలిచింది. స్మారకాలు, చారిత్రక కట్టడాల స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో ఏడాది మాస్టర్స్ అది. ఆ రంగంలో ఉన్నవాళ్లంతా పొడి అక్షరాల్లో ఎస్ఏహెచ్‌సీ అంటారు. ఆ కోర్సు ఇప్పుడు ఇరవయ్యో ఏట అడుగుపెడుతోంది. గుళ్లూ గోపురాలూ కోటలూ నిండిన తెలుగు నేలనుంచి ఆ పండగకు నాలుగు అక్షతలు చల్లడం న్యాయం.

నాలుగు దేశాలు ఎందుకు కలవాలి, ఒక్క విశ్వవిద్యాలయం చేయలేదా అని ఎవరైనా అడగవచ్చు. చేయలేదు. పాత కట్టడాల చదువు ఒకచోట కుప్పపోసి ఉండదు. భూకంపం ఏం చేస్తుందో ఇటలీకి తెలిసినంతగా ప్రాగ్‌కు తెలియదు. నది పొంగి వంతెన కాళ్లు కోసేస్తే ఏమవుతుందో ప్రాగ్‌కు తెలిసినంతగా బార్సిలోనాకు తెలియదు. సన్నటి స్తంభాలమీద ఆకాశమంత ఎత్తున నిలిపిన గోథిక్ కప్పుల మర్మం కాటలోనియా వాళ్లకు కరతలామలకం. రాతి గోడల్ని కంప్యూటర్ లెక్కల్లోకి ఒదిగించే విద్యలో మిన్యో ఆరితేరింది. పేరు గొప్పకోసం ఒకరినొకరు కలుపుకున్న ఒప్పందాలు లోకంలో చాలానే ఉన్నాయి. ఈ నాలుగూ అవసరంకొద్దీ కలిశాయి. ఇరవయ్యో ఏట కూడా కలిసి ఉండటానికి కారణం అదేనని నేను నమ్ముతాను.

పాదువా సంగతే చూడండి. 1222లో పుట్టిన విశ్వవిద్యాలయం అది. గెలీలియో 1592 నుంచి 1610 దాకా అక్కడే పాఠాలు చెప్పాడు. అయితే మన కథకు దగ్గరివాడు గెలీలియో కాదు, ఆ తర్వాతి శతాబ్దంలో అక్కడ పనిచేసిన జొవాన్నీ పొలేని. రోములో సెయింట్ పీటర్స్ బసిలికా గుమ్మటం నిలువునా బీటలు వారింది. పోపు పద్నాలుగో బెనెడిక్ట్ 1743లో పొలేనిని పిలిపించి సంగతి తేల్చమన్నాడు. గుమ్మటం కూలుతుందని గగ్గోలు పుట్టి ఉంది. పొలేని ఆ గుమ్మటాన్ని కాగితంమీద 50 ముక్కలుగా కోశాడు. ఒక ముక్కలో ఏ భాగం ఎంత బరువుంటుందో లెక్కగట్టి, అదే నిష్పత్తిలో చిన్నచిన్న బరువుల్ని ఒక దారానికి కట్టి వేలాడదీశాడు. వేలాడే దారం తీసుకున్న ఒంపును తలకిందులు చేస్తే, అదే బరువులు మోసే కమానుకు సరైన ఆకారం వస్తుంది. ఈ సూత్రం 1675 నాటికే ఇంగ్లండులో రాబర్ట్ హుక్‌కు తెలుసు. పొలేని ఆ ఒంపును తిరగేసి గుమ్మటం బొమ్మమీద పెట్టి చూశాడు. గీత ఎక్కడా గుమ్మటం మందం దాటి బయటకు పోలేదు. బీటలున్నా గుమ్మటం కూలదని తేల్చాడు, ముందుజాగ్రత్తగా చుట్టూ మరికొన్ని ఇనుప పట్టీలు బిగించమన్నాడు. 1748లో ఆ సంగతులన్నీ పుస్తకంగా అచ్చువేశాడు. గుమ్మటం నేటికీ నిలిచే ఉంది.

బార్సిలోనా పొలిమేరలకు వెళ్తే అదే సూత్రం మరో రూపంలో ఎదురవుతుంది. కొలోనియా గుయెల్ చర్చి కోసం ఆంటోని గౌడి దాదాపు పదేళ్లపాటు దారాలూ, సీసపు గుళ్లు నింపిన చిన్న సంచులూ వేలాడదీసి ఒక తలకిందుల నమూనా తయారుచేశాడు. దారాలు ఎటు ఒంగితే స్తంభాలను అటు ఒరగదీశాడు. స్తంభం నిట్టనిలువుగా ఉండాలన్న పట్టింపు అతనికి లేదు, బరువు ప్రయాణించే దారినే స్తంభం చేశాడు. ఆ ఊళ్లో చదువుకునే పిల్లలకు రాతి కట్టడాల శాస్త్రాన్ని పుస్తకంలోనే చూడాల్సిన పని లేదు.

ప్రాగ్‌లో అయితే చార్లెస్ వంతెన ఉంది. నాలుగో చార్లెస్ చక్రవర్తి కాలంలో, 1357లో మొదలైన రాతి వంతెన, 16 కమానులు. 1890 వరదలో కొట్టుకొచ్చిన దుంగలు అడ్డుపడి నీరు తన్నుకొచ్చి కొన్ని కమానులు కూలిపోయాయి, మళ్లీ కట్టారు. 2002 ఆగస్టు వరదలో ప్రాగ్‌లో చాలా ప్రాంతాలు మునిగినా వంతెన నిలబడింది. ఇక గిమరాయిష్ ఊరు ఊరంతా ఒక పాఠం. పోర్చుగల్ రాజ్యం అక్కడే పుట్టిందని ఆ దేశస్థులు గర్వంగా చెప్పుకుంటారు. ఆ పట్టణపు పాత వీధులు 2001లో యునెస్కో జాబితాకెక్కాయి.

ఇలాంటి ఊళ్లమధ్య చదువు నడిపించాలంటే ముందు మనుషులు కలవాలి. మిన్యోలో పాలో లొరెన్సో, బార్సిలోనాలో పేరె రోకా, పాదువాలో క్లౌదియో మోదెనా, ప్రాగ్‌లో పెత్ర్ కాబెలే కోర్సుకు మూలస్తంభాలు. లొరెన్సో 1996లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో డాక్టరేట్ చేశారు. ఇటుక గోడలో ఇటుకనూ, మధ్యనున్న సున్నపు అతుకునూ వేరువేరుగా లెక్కలోకి తీసుకుని గోడ ఎక్కడ, ఎలా పగులుతుందో కంప్యూటర్‌లో ముందుగానే చూపించే పద్ధతిమీద ఆయన పనిచేశారు. ఈ రంగంలో పరిశోధన మొదలుపెట్టేవాళ్లు తప్పక చదివే గ్రంథాల్లో అదొకటి. రోకా మయోర్కా దీవిలోని పాల్మా కెథెడ్రల్‌ను ఏళ్లతరబడి శోధించారు. ఆ కప్పు ఎత్తు 44 మీటర్లు. మోసే అష్టకోణపు స్తంభాల మందం మాత్రం మీటరున్నర పైచిలుకే. అవి కంటికి కనిపించేంతగా ఒంగి ఉన్నాయి. చూసినవాడికి గుండె జారుతుంది. ఆ ఒంపు నేడు పెరుగుతున్నదా, లేక మూడు శతాబ్దాలపాటు సాగిన నిర్మాణంలోనే వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. ఏ భాగాన్ని ఎప్పుడు కట్టారు, మధ్యలో ఎన్నేళ్లు ఆపారు అన్న చరిత్ర తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు రాదు. అందుకే ఈ ఇంజనీరింగ్ కోర్సులో మొదటి సబ్జెక్టు నిర్మాణ చరిత్ర. గణితం దాని తర్వాతే. ఇంజనీరింగ్ చదువుకు చరిత్రతో తలుపు తెరిచిన వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఈ ఆచార్యులు కోర్సుకోసం అప్పటికప్పుడు కలిసినవాళ్లు కాదు. చారిత్రక కట్టడాల స్ట్రక్చరల్ అనాలిసిస్ మీద తొలి అంతర్జాతీయ సమావేశం 1995లో బార్సిలోనాలో జరిగింది. తర్వాత 2001లో గిమరాయిష్, 2004లో పాదువా. ఆ తర్వాతది 2006లో ఎక్కడ జరిగిందో తెలుసా? మన న్యూఢిల్లీలో. అప్పటికే మిన్యో, బార్సిలోనా, పాదువా విశ్వవిద్యాలయాలు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థతో కలిసి ఐరోపా సంఘం సాయంతో ఒక ప్రాజెక్టు చేస్తున్నాయి. పాత కట్టడాలు భూకంపాన్ని తట్టుకునేలా చేయడం ఎలా అన్నది దాని విషయం. పరిశీలనకు ఎంచుకున్న వాటిలో కుతుబ్ మినార్ ఒకటి.

కుతుబ్ మినార్ ఎత్తు 72.5 మీటర్లు. అడుగున 14 మీటర్లకు పైగా ఉన్న వెడల్పు కొసకు వచ్చేసరికి మూడు మీటర్లకు లోపే. 1803 భూకంపంలో దాని తలమీది మండపం కూలింది. అలాంటి స్తంభం ఆరోగ్యం తెలుసుకోవాలంటే దాన్ని కుదిపి చూడలేం కదా. అక్కర్లేదు కూడా. గాలి వీచినా, పక్కన బండి పోయినా ప్రతి కట్టడమూ మన కంటికి అందనంత సన్నగా కంపిస్తూనే ఉంటుంది. అక్కడక్కడా సున్నితమైన పరికరాలు పెట్టి ఆ కంపనాన్ని పట్టుకుంటారు. మినార్ ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సెకనుకంటే కొంచెం ఎక్కువ పడుతుందని అలాగే తేలింది. కంప్యూటర్‌లో కట్టిన మినార్ కూడా అంతే వేగంతో ఊగేదాకా లెక్కలు సరిచేస్తారు. లోపలి రాతి దిమ్మ ఎంత గట్టిదో, సున్నం ఎంత పట్టు ఇస్తోందో ఒక్క చిల్లు పెట్టకుండా అలా అంచనాకు వస్తుంది. ఈ పని పూర్తవుతున్న రోజుల్లోనే మాస్టర్స్ కోర్సు రూపుదిద్దుకుంది. మరుసటేడు తలుపులు తెరిచింది. ఆ ఆచార్యులు కోర్సు మొదలెట్టకముందే మన రాళ్లతో మాట్లాడి ఉన్నారన్నమాట. ఈ శుభవేళ మనకు కొంచెం చుట్టరికం చెప్పుకునే హక్కుంది.

కోర్సు ఎలా నడుస్తుందో చెప్పాలి. వ్యవధి ఏడాది, 60 క్రెడిట్లు. ఐరోపా దేశాలు 1999లో బొలోన్యాలో కూర్చుని ఉన్నత విద్యకు ఉమ్మడి కొలతలు పెట్టుకుందామని ఒప్పుకోకపోతే, పోర్చుగల్‌లో చదివిన సబ్జెక్టును చెక్ విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోవడం ఇంత సులువయ్యేది కాదు. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండుస్ పథకం ఇంకో మెట్టు కట్టింది. వేర్వేరు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి మాస్టర్స్ నడిపితే ఐరోపా సంఘం దానికి అండనిస్తుంది, బయటి ఖండాల విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిస్తుంది. ఈ కోర్సు ఆ నీడలోనే మొలకెత్తింది.

తరగతులు భాగస్వాముల మధ్య వంతులవారీగా తిరుగుతాయి. సెప్టెంబరులో మొదలై వసంతం దాకా ఒకచోట చదువు, ఆ తర్వాత పరిశోధన వ్యాసానికి మరో దేశానికి మకాం. ఇంజనీర్లూ ఆర్కిటెక్టులూ పక్కపక్కన కూర్చుంటారు. ఇది నాకు బాగా నచ్చిన సంగతి, ఎందుకంటే మన దగ్గర వీళ్లిద్దరూ ఒక కట్టడం గురించి కలిసి మాట్లాడుకునేది గొడవ వచ్చినప్పుడే. నిర్మాణ చరిత్ర, విశ్లేషణ పద్ధతులు, భూకంప ప్రభావం, తనిఖీ, మరమ్మతు, పదార్థాల రక్షణ పాఠాలు అయ్యాక విద్యార్థుల్ని జట్లుగా చేసి ఒక నిజమైన పాత కట్టడాన్ని అప్పగిస్తారు. కొలతలు తీయాలి, ప్రతి బీటనూ బొమ్మమీద గీయాలి, చరిత్ర తవ్వాలి, లెక్క కట్టాలి, ఏం చేయాలో చెప్పాలి. ఏమీ చేయనక్కర్లేదని తేలితే ఆ మాటా ధైర్యంగా చెప్పాలి. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టం.

ఈ చదువులో ఒక పరీక్షను దగ్గరగా చూపిస్తాను. పేరు ఫ్లాట్ జాక్. గోడలో ఒకచోట రాళ్లమధ్యనున్న సున్నపు అతుకును ఎంచుకుంటారు. అతుక్కి పైనా కిందా చిన్నచిన్న లోహపు బిళ్లలు అతికించి, వాటి మధ్య దూరాన్ని మిల్లీమీటరులో వెయ్యోవంతుదాకా కొలిచి రాసుకుంటారు. తర్వాత రంపంతో ఆ అతుకును సన్నగా, అడ్డంగా కోస్తారు. కోయగానే పైనున్న గోడ బరువుకు ఆ సందు రవ్వంత మూసుకుంటుంది. మన కంటికి ఏమీ తెలియదు, కొలిచే పరికరం మాత్రం పట్టేస్తుంది. అప్పుడు రెండు పల్చటి ఉక్కు రేకుల్ని అంచులు అతికి చేసిన చదునైన సంచి లాంటిదాన్ని ఆ సందులోకి దూర్చి, చేతి పంపుతో అందులోకి నూనె ఎక్కిస్తారు. సంచి ఉబ్బుతుంది, సందు తెరుచుకుంటుంది. బిళ్లల మధ్య దూరం మొదట ఎంతుందో సరిగ్గా అంతకు చేరిన క్షణాన పంపు ఆపి పీడనం చదువుతారు. చిన్నచిన్న సవరణలు చేసుకుంటే, శతాబ్దాలుగా ఆ రాయి మౌనంగా మోస్తున్న బరువు అంకెల్లో చేతికొస్తుంది. జాక్ తీసేసి అతుకును మళ్లీ సున్నంతో పూడుస్తారు. ఇటలీలోని బెర్గమో పరిశోధకులు ఈ పద్ధతిని కొండరాళ్ల శాస్త్రం నుంచి తెచ్చి 1980 ప్రాంతాల్లో గోడలకు అలవాటు చేశారు. ఆ పంపు పట్టుకుని అంకె కదలడాన్ని చూసిన కుర్రవాడు తర్వాత ఏ పాత గోడ దగ్గరా తొందరపడడు.

తొందరపాటు ఎంత చేటు తెస్తుందో ఇటలీ రక్తంతో నేర్చుకుంది. 1970ల తర్వాత భూకంపాలకు దెబ్బతిన్న పాత రాతి ఇళ్లకు కప్పులు మార్చి కాంక్రీటు పలకలు వేశారు, గోడలమీద కాంక్రీటు దూలాలు పోశారు. బలం పెరిగిందనే అనుకున్నారు. 1997 సెప్టెంబరులో అంబ్రియా ప్రాంతం కంపించింది. బలహీనమైన రాతి గోడలమీద కూర్చున్న ఆ బరువైన కాంక్రీటు కదిలి గోడల్ని తోసేసింది, చాలాచోట్ల బాగుచేసిన ఇళ్లే ఎక్కువ దెబ్బతిన్నాయి. అదే సెప్టెంబరు 26న అసీసీలోని సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికాలో కప్పు కమానులు కొన్ని కూలి నలుగురు చనిపోయారు. రాత్రి వచ్చిన కంపనానికి ఏం దెబ్బ తగిలిందో చూడటానికి లోపలికి వెళ్లినవాళ్లమీద పడింది ఆ కప్పు. శతాబ్దాలుగా కమానుల భుజాలమీద పేరుకుపోయిన మట్టీ రాళ్లరప్పల బరువు ఆ కూలడానికి ముఖ్య కారణం. పైకి ఎవరికీ కనిపించని బరువు. రెండేళ్లలో బసిలికాను మళ్లీ నిలబెట్టారు. అక్కడి నుంచి ఐరోపా ఇంజనీర్ల ఆలోచన మారింది. ముందు అర్థం చేసుకో, తర్వాత ముట్టుకో. ముట్టుకోవలసి వస్తే వీలైనంత తక్కువ, రేపు తీసేయడానికి వీలయ్యేలా.

2003లో జింబాబ్వేలోని విక్టోరియా ఫాల్స్‌లో అంతర్జాతీయ స్మారకాల మండలి ఆమోదించిన సూత్రాలు ఇదే మాటను వైద్యుడి పరిభాషలో చెప్పాయి. మొదట రోగి చరిత్ర, తర్వాత రోగనిర్ధారణ, ఆ తర్వాతే చికిత్స, చివర నిఘా. కోర్సులో సబ్జెక్టుల వరస కూడా దాదాపు ఇదే. నాడి చూడకుండా మందు రాసే వైద్యుడు ఎలాంటివాడో, బీట కనిపించగానే సిమెంటు తెమ్మనే ఇంజనీరూ అలాంటివాడే.

సిమెంటు మాట వచ్చింది కనుక మన ఇంటి సంగతికి వస్తాను. మన పెద్దలు డంగు సున్నంతో కట్టారు. ఇసుకా సున్నమూ కలిపి డంగులో రోజుల తరబడి నూరి, బెల్లమూ కరక్కాయ నీళ్లూ పోసి పట్టు తెచ్చారు. సున్నపు గోడ తడిని పీల్చి వదిలేస్తుంది, కొంచెం కదిలినా ఓర్చుకుంటుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోతుంది, ఉప్పు పొంగి రాయి పొరలు పొరలుగా ఊడుతుంది. ఈ తేడాను ఆ కోర్సులో ప్రయోగశాలలో కొలిచి చూపిస్తారు. మన తాపీ మేస్త్రీల్లో పెద్దవాళ్లు కొలవకుండానే చెబుతారు. ఈ రెండు జ్ఞానాలూ ఒక గదిలో కూర్చునే రోజు కోసం నాకు ఆత్రంగా ఉంది.

2010 మే 26 రాత్రి శ్రీకాళహస్తి రాజగోపురం కూలిన వార్త విన్న తెలుగువాళ్లెవరూ ఆ రాత్రిని మరిచిపోరు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురం. బీటలు అందరికీ కనిపించాయి. అవి ఏం చెబుతున్నాయో వేళకు చదవగలిగినవాళ్లు చాలినంతమంది లేకపోయారు. కొత్త గోపురం లేచింది, 2017లో కుంభాభిషేకమూ జరిగింది. ఐదు వందల ఏళ్ల గోపురం మాత్రం తిరిగిరాదు. ఇటుపక్క హనుమకొండలో వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని రాయి రాయికీ గుర్తులు పెట్టి విప్పి, ఏళ్లతరబడి శ్రమపడి మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ఇసుక నింపిన పునాదిమీద, నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుకల శిఖరంతో నిలిచి 2021లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ ఇసుక పునాది విశేషాన్ని లోకానికి విప్పి చెప్పినవాళ్లలో వరంగల్ ఎన్ఐటీలో పాఠాలు చెప్పిన ఆచార్యులున్నారు. అంటే మన దగ్గర రాళ్లూ ఉన్నాయి, వాటిని చదవాలన్న తపనా ఉంది. లేనిది ఏటేటా ఒక తరగతినిండా పిల్లల్ని తయారుచేసే బడి.

అందుకే ఈ ఇరవయ్యో ఏటి పండగ నాకు ఐరోపా సంగతి మాత్రమే కాదు. రామప్పకు బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఒక ఎన్ఐటీ ఉంది. హంపీ, లేపాక్షి, గండికోట, గోల్కొండ చుట్టూ ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయో లెక్కపెట్టనక్కర్లేదు. ఒక్కటొక్కటిగా చూస్తే ఏ కాలేజీకీ ఇలాంటి కోర్సు నడిపే శక్తి ఉండకపోవచ్చు. మిన్యోకూ ఒంటరిగా ఆ శక్తి లేదు. ఒకరికి ప్రయోగశాల, ఒకరికి శాసనాలు చదివే చరిత్ర శాఖ, ఒకరికి ఆర్కిటెక్చర్ కాలేజీ, ఇంకొకరికి పక్కనే పరీక్షకు దొరికే గుడి. వీటిని కలిపితే చాలు. కలపడం ఎలాగో ఆ నాలుగు విశ్వవిద్యాలయాలు చేసి చూపించాయి. విద్యార్థి ఫీజు ఎవరి ఖాతాలో పడాలి, మార్కుల పట్టిక ఎవరు ముద్రించాలి, ఒక దేశంలో పాసు మార్కు పదికి ఐదైతే ఇంకో దేశంలో ఇరవైకి పది, ఏది దేనికి సమానం లాంటి చికాకులన్నీ ఎవరో కూర్చుని ఓపిగ్గా విప్పితేనే ఇలాంటి కోర్సు నిలుస్తుంది. అభినందన సభల్లో ఆచార్యుల మెడలో దండలు పడతాయి. ఈ దస్త్రాలు మోసిన ఆఫీసు సిబ్బందికి కూడా ఒక దండ వేయాలని నా మనవి. వీసా కాగితం ఆలస్యమై కంగారుపడిన పరదేశి పిల్లలకు ధైర్యం చెప్పి తరగతికి చేర్చేది వాళ్లే.

ఇలా చదివి వెళ్లినవాళ్ల జీవితం సులువని చెప్పను. కొత్త భవనాలు కట్టే కంపెనీలో దొరికే జీతం పాత గోడల దగ్గర అంత తేలిగ్గా దొరకదు. పాత కట్టడానికి చేసిన మంచి పని పైకి కనిపించదు కూడా. పని బాగా కుదిరిందంటే మునుపు ఎలా ఉందో అలాగే ఉంటుంది, రిబ్బను కత్తిరించడానికి ఏమీ మిగలదు. ఆ పేరు రాని పనిని కోరి ఎంచుకున్న యువతీయువకులు దాదాపు ఇరవై ఏళ్లుగా ఏటేటా ఆ తరగతి గదిలో కూర్చుంటున్నారు. వాళ్లలో మన దేశపు పిల్లలూ ఉన్నారు. 2017లో ఈ కోర్సుకు ఐరోపా సాంస్కృతిక వారసత్వ పురస్కారం, యూరోపా నోస్ట్రా గౌరవం, విద్య, శిక్షణ విభాగంలో దక్కింది. సాధారణంగా బాగుచేసిన కోటలకూ చర్చిలకూ పేరుతెచ్చే పురస్కారం అది. బాగుచేసేవాళ్లను తయారుచేసే చదువుకు ఇవ్వడం న్యాయనిర్ణేతల గొప్పతనం.

ప్రొఫెసర్లు లొరెన్సో, రోకా, మోదెనా, కాబెలే గార్లకూ, వాళ్ల వెనకనున్న బోధక బృందాలకూ, ప్రాగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులకూ, నాలుగు విశ్వవిద్యాలయాల సిబ్బందికీ తెలుగు ఇంజనీర్ల పక్షాన హృదయపూర్వక అభినందనలు. ఇరవయ్యో తరగతిలో చేరే పిల్లలకు దీవెనలు. మీలో ఎవరైనా పరిశోధన వ్యాసానికి విషయం వెతుక్కుంటూ ఉంటే, వరంగల్ కోట కీర్తితోరణాల దగ్గరికి రండి. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, ఒకప్పుడు వాటి మధ్యనుండిన గుడి లేకపోయినా, నేటికీ నిలిచే ఉన్నాయి. వాటి కాళ్లకింద ఏముందో, గాలికి ఎంత కదులుతాయో కొలిచి చెప్పండి. మీ పరికరాల పెట్టెలు మోయడానికి మా విద్యార్థులు వస్తారు, మధ్యాహ్నం భోజనం మా ఇళ్లలో.